ఖాళీ మంచం ఖరీదెంత?

పోయిన నెల చలికాలంలో పెరుగు తోడుకోకపోవడం గురించి రాస్తే చాలామంది ఉత్తరాలు రాశారు. ఓవెన్‌లో లైటు వేసి గిన్నె లోపల పెట్టమన్నవాళ్లకీ, పచ్చిమిరపకాయ తొడిమ వేయమన్నవాళ్లకీ థాంక్స్. తొడిమ పనిచేసింది. ఈ నెల కబురు వంటింటిది కాదు, ఆసుపత్రిది. అయినా కాసేపటికి వంటింట్లోకే వస్తుందిలెండి. నాకు లెక్కలు అర్థమయ్యేది అక్కడే.

నాకు గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయని క్రిందటి ఏడాది వేసవిలో స్కాన్‌లో తేలింది. అంతకు ముందు రెండుసార్లు అర్ధరాత్రి కుడి పక్కటెముకల కింద నొప్పొచ్చి, గ్యాస్ అనుకుని వాము నమిలి పడుకున్నాను. తీసేయించుకోవడమే మంచిదన్నారు. కీహోల్ ఆపరేషన్, పొద్దున్న వెళ్తే సాయంత్రానికి ఇంటికి పంపించేస్తారు. ఇంగ్లండ్‌లో ఉండేవాళ్లకు తెలుసు, ఇలాంటివాటికి ఎన్‌హెచ్‌ఎస్‌లో తేదీ కోసం కాచుక్కూచోవాలి. నాకూ డిసెంబరులో అని చెప్పారు. వెంటనే అమ్మకి టికెట్ కొన్నాం. సెప్టెంబరు రెండో వారంలో వచ్చింది. విజిటర్ వీసా మీద ఒకసారి వస్తే ఆరు నెలలుండొచ్చు కాబట్టి మార్చి 9కి తిరుగు టికెట్. నాకు ఆపరేషన్, అమ్మ పక్కన, పిల్లలిద్దరికీ స్కూలు, మావారికి ఆఫీసు, తెనాలిలో నాన్నకి కర్రీ పాయింట్ కూరలు. అన్నీ లెక్కగా కుదిరాయి.

డిసెంబరు 12 పొద్దున్న ఏడున్నరకి, రాత్రి నుంచి ఏమీ తినకుండా, బ్యాగులో చెప్పులూ నైటీ సర్దుకుని డే సర్జరీ వార్డుకి వెళ్లాను. లోపలికి అడుగుపెట్టగానే ఏదో తేడాగా అనిపించింది. నాలాంటివాళ్లు కూర్చోవాల్సిన చోట మంచాలు, మంచాల మీద ముసలివాళ్లు. ఒక పెద్దావిడ హాస్పిటల్ గౌన్ మీదే హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని, వచ్చేపోయే ప్రతి నర్సునీ బస్సు ఎన్నింటికని అడుగుతోంది. తొమ్మిదింబావుకి ఒక డాక్టరమ్మ వచ్చి నా ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఇవాళ చేయలేకపోతున్నాం, క్షమించండి అంది. రాత్రి ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లకి పై వార్డుల్లో చోటు లేక వాళ్లను ఇక్కడ పడుకోబెట్టారట. సర్జన్ ఉన్నాడు, మత్తు డాక్టరు ఉన్నాడు, థియేటర్ ఖాళీగా ఉంది. ఆపరేషన్ అయ్యాక నన్ను ఒక ఐదారు గంటలు పడుకోబెట్టడానికి మంచం లేదు.

కోపం రావాలి కదా. వచ్చింది కూడా. కానీ ఆ హ్యాండ్‌బ్యాగు పెద్దావిడ వంక చూస్తే ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. ఇంటికొచ్చి అమ్మ పెట్టిన పెరుగన్నం తిని పడుకున్నాను.

అమ్మ మాత్రం ఊరుకోలేదు. "గుంటూరులో అయితే ఇవాళ చూపించుకుంటే రేపు చేసి ఎల్లుండి పంపించేవాళ్లు కదే. ఇంత పెద్ద దేశం, ఒక మంచం లేదా?" అంది. అప్పటి నుంచి ఆ మంచం సంగతే నా బుర్రలో తిరుగుతోంది. నేను బీఎస్సీలో చదివింది మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్. పన్నెండేళ్లుగా ఆ స్టాటిస్టిక్స్‌ని పాల ప్యాకెట్ల లెక్కకి తప్ప వాడలేదు. ఈ చలికాలం పిల్లలు పడుకున్నాక కూర్చుని, ఆసుపత్రి వాళ్లు అసలు ఎవర్ని ఎప్పుడు చేర్చుకోవాలో ఎలా నిర్ణయిస్తారో చదివాను. అది పెద్ద శాస్త్రమే.

ముందు చిక్కు ఏమిటో చూద్దాం. ఆసుపత్రికి వచ్చేవాళ్లంతా ఒక రకం కాదు. ఒక సర్జన్ చేతిలో నాలుగు గంటల థియేటర్ సమయం ఉందనుకోండి. నాలాంటి గాల్‌బ్లాడర్లు మూడు చేయొచ్చు. లేదా తుంటి కీలు మార్పిడి రెండు. లేదా పేగు క్యాన్సర్ ఒక్కటే, అది కూడా టైము దాటొచ్చు. మా ముగ్గురికీ రాత్రి మంచం అక్కర్లేదు. తుంటి వాళ్లకి రెండు మూడు రాత్రులు కావాలి, ఫిజియోథెరపిస్టు కావాలి. పేగు ఆపరేషన్ వాళ్లకి వారం, మొదట్లో ఐసీయూ లాంటి చోటు కావచ్చు. కాబట్టి ఏ రకం ఎంతమంది అన్నది నిర్ణయిస్తే చాలదు. థియేటర్, మంచం, నర్సు, ఐసీయూ నాలుగింటికీ ఆ కలయిక సరిపోవాలి. కూర ఎక్కువై అన్నం తక్కువైతే విందు చెడినట్టే, థియేటర్ మిగిలి మంచం చాలకపోయినా అంతే.

వీటన్నిటికీ పైన ఎమర్జెన్సీ. వాళ్లకి తేదీ ఇవ్వలేం. అయితే పూర్తిగా తెలియదనీ కాదు. సగటు తెలుసు. మా ఊరి ఆసుపత్రిలో రోజుకి సగటున 25 మంది ఎమర్జెన్సీ నుంచి వార్డులో చేరతారని అనుకుందాం. ఇలా ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా వచ్చేవాళ్ల లెక్కకి పాయిజాన్ సూత్రం సరిపోతుంది. డిగ్రీలో చదివిన వాళ్లకి గుర్తుండొచ్చు, దాంట్లో సగటుకి వర్గమూలం తీస్తే అటూ ఇటూ ఎంత ఊగుతుందో తెలుస్తుంది. 25కి 5. అంటే నాలుగింట దాదాపు మూడు రోజులు 20 నుంచి 30 మధ్య వస్తారు. నాలుగో రోజు 19 కంటే ఎక్కువ రాకపోవచ్చు, 31 దాటనూ దాటొచ్చు. ఏ రోజు ఏదో ముందు రోజు సాయంత్రం ఎవరూ చెప్పలేరు.

వచ్చేవాళ్లు ఎంతమందో తెలియకపోవడం ఒక ఎత్తు. వచ్చినవాళ్లు ఎన్నాళ్లుంటారో తెలియకపోవడం ఇంకో ఎత్తు. మా అత్తగారింట్లో సంక్రాంతికి అందరికీ ఇది అనుభవమే. జాన్ లిటిల్ అనే ఆయన 1961లో ఒక సూత్రం నిరూపించాడు. రోజుకి ఎంతమంది వస్తారో, సగటున ఎన్ని రోజులుంటారో, రెంటినీ గుణిస్తే ఇంట్లో సగటున ఎంతమంది ఉంటారో వస్తుంది. రోజుకి 5 మంది, ఒక్కొక్కరు 4 రోజులు అంటే 20 మంచాలు నిండి ఉంటాయి. ఇంత సులువు. కానీ ఆ సగటు 4 రోజుల్లోనే మోసం ఉంది. పదిమందిలో తొమ్మిది మంది రెండు రోజులుండి వెళ్లిపోయి, ఒకరు 22 రోజులుంటే సగటు 4. నిజానికి నాలుగు రోజులున్నవాళ్లు ఒక్కరూ లేరు. ఆ ఒక్క పెద్దాయన పక్కవాళ్లందరూ కలిపి వాడిన దానికంటే ఎక్కువ మంచం వాడాడు. ఆయన జబ్బు ఎప్పుడో తగ్గి ఉండొచ్చు. ఇంట్లో చూసేవాళ్లు లేక, కేర్ హోమ్‌లో చోటు దొరక్క ఉండిపోయాడు. ఇంగ్లండ్‌లో ఇది పాత కథ. హ్యాండ్‌బ్యాగు పెద్దావిడ కూడా బహుశా అలాగే ఉండి ఉంటుంది. బస్సు కోసం చూస్తోంది గానీ, ఎక్కించుకుని తీసుకెళ్లేవాళ్లు లేరు.

ఇప్పుడు అమ్మ ప్రశ్నకి వద్దాం. ఒక్క మంచం ఎందుకు లేదు? ఎందుకంటే అన్నీ నిండి ఉండటమే మంచి నిర్వహణ అని బయటనుంచి చూసేవాళ్లకి అనిపిస్తుంది. ఖాళీ మంచం చూస్తే దుబారాలా ఉంటుంది. నూరు శాతం నిండితే నూరు శాతం ఉపయోగం కదా! క్యూల లెక్క తెలిసినవాళ్లు ఇది విని నవ్వుకుంటారు. ఈ లెక్క మొదలుపెట్టినాయన ఎర్లాంగ్, డెన్మార్క్‌లో కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసేవాడు. ఎన్ని లైన్లుంటే ఎంతమందికి ఎంగేజ్ టోన్ వస్తుందో 1909 నుంచి వరసగా లెక్కలు కట్టాడు. టెలిఫోన్ లైనుకీ ఆసుపత్రి మంచానికీ లెక్కలో పెద్ద తేడా లేదు.

సులువైన సందర్భం తీసుకోండి, ఒకే కౌంటరు. కౌంటరులో మనిషి సగం సేపు పనిలో ఉంటే, అక్కడ సగటున ఒకరుంటారు. 80 శాతం సేపు పనిలో ఉంటే నలుగురు. 90 శాతానికి తొమ్మిది మంది. 95 శాతానికి పంతొమ్మిది మంది! పని పెరిగింది ఐదు శాతం, మనుషులు రెట్టింపు కంటే ఎక్కువ. ఆసుపత్రిలో మంచాలు చాలా ఉంటాయి కాబట్టి అక్కడ ఇంత నిటారుగా పెరగదు, కానీ గీత ఆకారం అదే. చివర్లో ఒక్కసారిగా లేస్తుంది. 1999లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో బాగస్ట్, ప్లేస్, పోస్నెట్ అనే ముగ్గురు కంప్యూటర్లో ఒక ఊహా ఆసుపత్రిని నడిపి చూశారు. సగటున 85 శాతం దాటి నిండితే మంచాలు చాలని రోజులు కనిపించడం మొదలవుతుందనీ, 90 దాటితే ఆ రోజులు మాటిమాటికీ వస్తాయనీ తేల్చారు. అప్పట్నుంచి 85 అన్నది ఇక్కడ అందరి నోటా వినపడే అంకె అయింది. నిజానికి అది అన్నిచోట్లా ఒకటే కాదు. చిన్న వార్డుకి ఇంకా ఎక్కువ ఖాళీ కావాలి, పెద్దదానికి తక్కువ చాలు.

ఎందుకో చెప్తాను, ఇది నాకు బాగా నచ్చిన లెక్క. నాలుగు చిన్న వార్డులున్నాయనుకోండి. ఒక్కోదానిలో సగటున 16 మంది. 16కి వర్గమూలం 4. దానికి రెట్టింపు, అంటే 8 మంచాలు జాగ్రత్తకి అదనంగా ఉంచితే ఒక్కో వార్డుకి 24. నాలుగుకీ కలిపి 96. అదే నాలుగూ కలిపి ఒకే వార్డు చేస్తే సగటు 64, వర్గమూలం 8, దానికి రెట్టింపు 16. మొత్తం 80 చాలు. అంతే భద్రత, పదహారు మంచాలు ఆదా. ఒక వార్డులో ఎక్కువొచ్చిన రోజు ఇంకోదాంట్లో తక్కువ ఉంటుంది కదా. మనం నలుగురం వేరువేరుగా దీపావళి విందు పెడితే నలుగురింట్లోనూ పులిహోర మిగులుతుంది. అందరం కలిసి హాలు తీసుకుంటే అంత మిగలదు. వార్డుల్ని మాత్రం అలా కలిపేయడానికి లేదు. ఆడవాళ్లకీ మగవాళ్లకీ వేరుగా ఉండాలి, ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్లను ఆపరేషన్ వాళ్ల పక్కన పెట్టకూడదు, ఎముకల నర్సుకి గుండె పని తెలియదు.

ఇంకో విషయం చదివి ఆశ్చర్యపోయాను. బోస్టన్‌లో యూజీన్ లిట్వాక్ అనే ఆయన ఆసుపత్రుల లెక్కలు తీసి చూస్తే, చాలాచోట్ల ఎమర్జెన్సీ కంటే ముందే తేదీ ఇచ్చి పిలిచినవాళ్ల సంఖ్యే రోజుకీ రోజుకీ ఎక్కువ ఊగుతోందట! దేవుడు పంపేవాళ్లు పద్ధతిగా వస్తున్నారు, మనం పిలిచేవాళ్లు ఒక్కసారే వచ్చి పడుతున్నారు. కారణం మామూలుదే. ఫలానా సర్జన్‌కి సోమవారమే ఖాళీ, ఇంకొకాయనకి మంగళవారం. అందరి పెద్ద ఆపరేషన్లూ వారం మొదట్లో పడితే, బుధ గురువారాలకి వార్డులు కిటకిటలాడతాయి, శని ఆదివారాలు బోసిపోతాయి. పెద్ద ఆపరేషన్లను వారమంతా సమంగా పరిస్తే కొత్త మంచం ఒక్కటి కొనకుండానే చోటు దొరుకుతుంది. వినడానికి తేలిక. సర్జన్లను రోజు మార్చుకోమనడం, మా బ్లాక్‌లో కార్లు పెట్టుకునే చోటు మార్చుకోమనడం లాంటిదని మావారి అభిప్రాయం.

డిసెంబరు 12 సంగతి అయ్యాక నాకు కొంచెం ధైర్యం ఒక నియమం చూసి వచ్చింది. మీకూ పనికొస్తుంది. ఇంగ్లండ్‌లో ఆపరేషన్ రోజునే, మన ఆరోగ్య కారణం కాకుండా వాళ్ల కారణంతో రద్దు చేస్తే, 28 రోజుల్లోగా ఇంకో తేదీ ఇవ్వాలి. జనవరి 7 ఇచ్చారు. నేను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను, 26 రోజులు. జనవరి 6 సాయంత్రం ఫోను. రేపు కూడా కుదరదు. ఈసారి ముందు రోజే చెప్పారు! తర్వాతి తేదీ మార్చి 24. అమ్మ వెళ్లిపోయిన రెండు వారాలకి.

ఆ సాయంత్రం నేను ఏడ్చాను. రాళ్ల కోసం కాదు. అమ్మ చలిలో మోకాళ్ల నొప్పులతో, నాన్నని వదిలి, నాలుగు నెలలుగా ఈ ఇంట్లో కూర్చున్నది దేనికి? జనవరిలో ఎందుకిచ్చార్రా బాబూ తేదీ అని కూడా అనుకున్నాను. చలికాలం ఫ్లూతో వార్డులు నిండుతాయని అందరికీ తెలిసిందే. 2018 జనవరిలో అయితే అత్యవసరం కాని ఆపరేషన్లను నెలాఖరు దాకా ఆపమని పైనుంచే ఆసుపత్రులకి సలహా వచ్చింది. 55 వేల దాకా ఆపరేషన్లు వాయిదా పడొచ్చని అప్పుడు అంచనా వేశారు. ఏటా వచ్చే చలికాలానికి ఏటా ఆశ్చర్యపోవడం ఏమిటో.

ఆ రాత్రే, నిద్రపట్టక, అసలు లెక్క కాగితం మీద వేశాను. వంటింటి లెక్క ఇదే. మీ ఇంటికి ఎంతమంది వస్తారో తెలియదు, సగటున 25 మంది అని తెలుసు. ఎంతమందికి గారెలు చేస్తారు? 25కి చేస్తే సగం రోజులు చాలవు. 40కి చేస్తే ఎప్పుడూ మిగిలిపోతాయి. సరైన జవాబు, ఒక గారె మిగిలితే ఎంత నష్టం, ఒకరికి గారె అందకపోతే ఎంత నష్టం అన్నదాన్ని బట్టి ఉంటుంది. అందకపోవడం నాలుగు రెట్లు నష్టం అనుకుంటే, నాలుగుని ఐదుతో భాగించండి, 80 శాతం. నూటికి 80 రోజులు సరిపోయేటంత చేయాలి. మన 25, 5 లెక్కలో అది దాదాపు 29. తొమ్మిది రెట్లు అనుకుంటే 90 శాతం రోజులు, 31 లేదా 32. రెండు నష్టాలూ సమానమే అనుకుంటే 25 చాలు, రెండు రోజులకోసారి ఎవరో ఒకరు ఆకలితో లేస్తారు.

ఆసుపత్రిలో కూడా పొద్దున్నే ఎమర్జెన్సీ కోసం ఎన్ని మంచాలు ఖాళీగా ఉంచాలన్నది ఇదే లెక్క. ఖాళీ మంచం ఖరీదు అందరికీ తెలుసు. నర్సు జీతం, కరెంటు, చేయకుండా పోయిన ఆపరేషన్‌కి రాని డబ్బు. బడ్జెట్ కాగితంలో స్పష్టంగా కనిపిస్తుంది. రద్దయిన ఆపరేషన్ ఖరీదు ఎంత? ఆ కాగితంలో ఖాళీగా పోయిన థియేటర్ సమయం ఉండొచ్చు. అమ్మ టికెట్ లేదు. మావారు రెండుసార్లు వృథా చేసుకున్న సెలవు లేదు. నొప్పొస్తుందేమోనని నేను ఆరు నెలలుగా నూనె లేని కూరలు తినడం, రాయి జారి పాంక్రియాస్‌కి వాపొస్తే ఎమర్జెన్సీలో నేనూ ఒకదాన్నై ఇంకొకరి మంచం ఆక్రమించడం లేదు. ఈ రెండో నష్టాన్ని తక్కువగా రాసుకున్నవాళ్లకి లెక్క ఎప్పుడూ "ఇంకొన్ని నింపు" అనే చెబుతుంది. లెక్కలో తప్పు లేదు. అందులో వేసిన అంకెలోనే ఉంది.

అయితే నాకు తేదీ ఇచ్చే అమ్మాయి మీద నాకు కోపం లేదు. ఆమె ముందున్న జాబితా ఆలోచించండి. ఇంగ్లండ్ మొత్తం మీద 2023 సెప్టెంబరులో ఎదురుచూసే కేసులు దాదాపు 77 లక్షలకి చేరాయి. నూటికి 92 మందికి 18 వారాల్లోగా చికిత్స మొదలవ్వాలన్నది నియమం, 2016 మొదటి నెలల తర్వాత ఆ గీత అందుకోలేదు. క్యాన్సర్ అనుమానంతో వచ్చినవాళ్లకి 62 రోజుల గడువు. వాళ్లు నా ముందుంటారు, ఉండాలి కూడా. మా వీధి చివర పంజాబీ ఆంటీకి తుంటి నొప్పి, ఏడాది పైనే అయింది, మెట్లు కూర్చుని దిగుతుంది. నేనా ఆమా? నన్ను అడిగితే నేనేం చెప్పను?

దీనికి ఇక్కడ చేస్తున్న ఒక ఉపాయం, తేదీలున్న ఆపరేషన్లకి వేరే భవనం పెట్టడం. ఎమర్జెన్సీ వాళ్లు అక్కడికి రారు కాబట్టి ఆ మంచాలు ఎవరూ లాక్కోలేరు. లండన్ పక్కన ఎప్సమ్‌లో 2004 నుంచి ఎముకల ఆపరేషన్లకి అలాంటి కేంద్రం నడుస్తోంది. ఇందాక అన్నీ కలిపితే ఆదా అన్నాను కదా, ఇప్పుడు విడదీయమంటున్నారేమిటి అని మీరు అడగొచ్చు. నేనూ అదే అనుకున్నాను. ఒకే రకంగా ఊగేవాటిని కలిపితే లాభం. పద్ధతిగా ఉండేదాన్ని తుపానుతో కలిపితే పద్ధతి కూడా తుపానులో కొట్టుకుపోతుంది. అయితే ఇలాంటి చోట్ల చాలావాటికి ఆరోగ్యంగా ఉన్నవాళ్లనే పంపుతారు. షుగరు, గుండె జబ్బు, ఎనభై ఏళ్లు ఉన్నవాళ్లు పెద్ద ఆసుపత్రిలోనే మిగిలిపోతారు. వాళ్ల తేదీలే ఎక్కువ రద్దవుతాయి. సులువైనవాళ్లని ఏరుకుంటే అక్కడ లెక్క బాగుంటుంది, ఇక్కడ లెక్క ఇంకా చెడుతుంది.

అమ్మ చెప్పిన గుంటూరు సంగతి మరిచిపోలేదు. రేపు రమ్మంటే రేపే చేస్తారన్నది నిజమే. ఖాళీ మంచం ఖరీదు ముందే బిల్లులో కలిసి ఉంటుంది కాబట్టి. ఆ బిల్లు కట్టలేనివాళ్లు అదే ఊళ్లో ఇంకో ఆసుపత్రిలో ఎదురుచూస్తూ ఉంటారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక కార్డున్నవాళ్లూ ప్రైవేటు ఆసుపత్రిలో చేరగలుగుతున్నారు. అక్కడ మొదలైంది ఇంకో కలయిక లెక్క. డబ్బు చేత్తో కట్టేవాళ్లు ఎంతమంది, ప్రభుత్వం తర్వాత కట్టేవాళ్లు ఎంతమంది? ఆ డబ్బు ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే వాళ్ల అనిశ్చితి. బకాయిలు పేరుకున్నాయి, సేవలు ఆపేస్తాం అన్న వార్త మన పేపర్లో ఎన్నిసార్లు చదవలేదు? ఈ కలయికని గట్టిగా నిలబెట్టినవాళ్లూ ఉన్నారు. మదురైలో డాక్టర్ వెంకటస్వామి రిటైరయ్యాక 1976లో 11 మంచాలతో పెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి, డబ్బు కట్టగలిగినవాళ్ల ఫీజుతోనే కట్టలేనివాళ్లకి ఆపరేషన్లు చేస్తూ పెరిగింది. ఊళ్లలో క్యాంపు పెట్టి, అక్కడే పరీక్ష చేసి, ఆపరేషన్ కావాల్సినవాళ్లని బస్సులో తెస్తారు. ఎంతమంది వస్తారో ముందే తెలుస్తుంది! కంటి శుక్లం కాబట్టి కుదిరిందనుకోండి. దానికి రాత్రికి రాత్రి ఎమర్జెన్సీ ఉండదు. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి కూడా 1987 నుంచి ఇంచుమించు ఆ దారిలోనే నడుస్తోంది. మా పెద్దనాన్నకి చేసింది అక్కడే.

ఈ చదువంతా నాకు ఒక్క పనికి ఉపయోగపడింది. ప్లాన్ చేసేవాళ్ల వైపు నుంచి చూస్తే, చివరి నిమిషంలో ఎవరో జ్వరమొచ్చి రాకపోతే ఆ నాలుగు గంటల్లో గంటన్నర వృథా. అప్పటికప్పుడు రాగలిగినవాళ్లు వాళ్లకి బంగారం. జనవరిలోనే ఫోన్ చేసి, ఎప్పుడు పిలిచినా గంటలో వస్తాను, పిల్లల్ని చూసుకోవడానికి ఇంట్లో మనిషుంది, మార్చి 9 దాకా అని చెప్పి షార్ట్ నోటీస్ జాబితాలో పేరు రాయించుకున్నాను. అమ్మ వీసా సంగతి కూడా చెప్పాను. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి, అది రాసుకుంటున్నాను అంది. ఎక్కడ రాసుకుందో తెలియదు. ఇలాంటి జాబితా ఉందని ఎవరూ మనకి చెప్పరు, అడగాలి. మన ఆడవాళ్లం ఇబ్బంది పెట్టినట్టవుతుందని అడగం. ఇబ్బంది కాదు, వాళ్లకి సాయం. ఇంకొకటి, అమ్మానాన్నల టికెట్ మాత్రం ఆపరేషన్ తేదీ చూసి కొనకండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇచ్చే తేదీ ఏదైనా పెన్సిల్‌తో రాసుకోండి.

మార్చి 5, పొద్దున్న ఏడూ పదికి ఫోను మోగింది. దోశెలు వేస్తున్నాను. ఇవాళ ఒకరు రావడం లేదు, రాగలరా? రాగలను అన్నాను, అంటూనే స్టవ్ పక్కన ఖాళీ గ్లాసు చూశాను. ఆరూ నలభైకి కాఫీ తాగేశాను, పాలతో. పాలు పడితే ఆహారం కిందే లెక్క, ఆరు గంటలు ఆగాలి. గొంతు ఎండిపోయింది. నిజం చెప్పేశాను. అటువైపు కీబోర్డు చప్పుడు. "అయితే మిమ్మల్ని మధ్యాహ్నం లిస్టులో పెడతాను, ఒకటిన్నరకి. ఇంకేమీ తినకండి."

సాయంత్రం ఏడింటికి ఇంట్లో ఉన్నాను. పొట్ట మీద నాలుగు చిన్న పట్టీలు, భుజంలో గాలి నొప్పి. అమ్మ చారన్నం మెత్తగా పిసికి, నేను ముప్ఫై ఆరేళ్లదాన్నని మరిచిపోయి, ముద్దలు కలిపి పెట్టింది. ఆ నాలుగు రోజులూ నన్ను మంచం దిగనివ్వలేదు. ఆదివారం రాత్రి మావారు సూట్‌కేసులు తూకం వేస్తుంటే ఒకటి కిలోన్నర ఎక్కువొచ్చింది. పిల్లల పాత స్వెటర్లు పనిమనిషి మనవలకట, తీయనంది. నేను లేచి సర్దబోతే, రెండు వారాలు బరువెత్తకూడదని కాగితంలో ఉందిగా, కూర్చోవే అని కసిరింది.